పదమూడు ద్రాక్షలు, ఒక మట్టికుండ

పారిస్‌లో వేగపు రైలెక్కితే సుమారు 2 గంటల 40 నిమిషాల్లో అవిన్యోన్ వస్తుంది. ఆ కాస్త ప్రయాణంలోనే ఫ్రాన్స్ రెండు దేశాలుగా కనిపిస్తుంది. ఉత్తరాన పచ్చిక బయళ్లు, పాడి ఆవులు, వెన్నతో మీగడతో సాగే వంట. రోన్ నది లోయలో కిందికి దిగేకొద్దీ ఎర్ర పెంకుటిళ్లు, ఆలివ్ చెట్లు, గాలికి అడ్డంగా గోడ కట్టినట్టు వరసగా నాటిన సైప్రస్ చెట్లు. ఆ గాలి పేరు మిస్త్రాల్. ఒకవైపు ఆల్ప్స్, మరోవైపు మాసిఫ్ సెంట్రల్ కొండలు, వాటి నడుమ ఇరుకులో పడి ఉత్తరం నుంచి దూసుకొచ్చే చల్లని పొడిగాలి అది. గట్టిగా వీచిన రోజున గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. పాత రైతుల ఇళ్లలో ఉత్తరపు గోడకు కిటికీలు దాదాపు కనిపించవు. అవిన్యోన్ చూడవచ్చిన వాళ్లు 1309 నుంచి 1377 దాకా ఈ ఊళ్లో కాపురమున్న పోపుల రాజప్రాసాదాన్ని, నది మధ్యలోనే తెగిపోయిన వంతెనను చూసి, సాయంత్రం ఏదో ఒక భోజనశాలలో ఈ ప్రాంతపు ఎర్ర వైన్ తెప్పించుకుంటారు. ఎర్ర వైన్ కాబట్టి ఎర్ర మాంసంతో తాగాలన్న సలహా అక్కడ దొరుకుతుంది. ఆ సలహా తప్పు కాదు గానీ చాలా తక్కువ చెబుతుంది. ఇక్కడి వైన్ ఒక్క ద్రాక్షతో తయారవదు, ఇక్కడి వంట ఒక్క వస్తువుతో తయారవదు. రెండూ ఒకే కొరత లోంచి, ఒకే ఎండ కింద పుట్టాయి. అందుకే ఈ వైన్‌కు జోడీ వెతికేవాళ్లు మాంసం రంగు చూడటం మాని, కుండలో ఏమేం కలిశాయో, ఎంతసేపు ఉడికాయో చూడాలి. నా వాదన ఇదే. దానికి సాక్ష్యం తోటల్లోనూ వంటింట్లోనూ ఉంది.

అవిన్యోన్ నుంచి ఉత్తరంగా అరగంట దూరంలో షాటోనఫ్ ద్యు పాప్ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఇరవైరెండో జాన్ పోపు ఇక్కడి గుట్ట మీద వేసవి విడిదిగా కోట కట్టించాడు. అప్పటికే శిథిలమైన ఆ కోట బురుజులో సగాన్ని 1944లో వెనుదిరిగిపోతున్న జర్మన్ సైన్యం పేల్చేసింది. ఇప్పుడు ముఖ్యంగా మిగిలింది ఒక ఎత్తైన గోడ. ఆ గోడ పక్కన నిలబడి కిందికి చూస్తే ఊరి చుట్టూ ద్రాక్ష తప్ప వేరే పంట పెద్దగా కనిపించదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పాకించిన పందిళ్లు ఎరిగిన కళ్లకు ఇవి ద్రాక్షతోటలంటే నమ్మబుద్ధి కాదు. పందిరి లేదు, చాలాచోట్ల తీగ కూడా లేదు. నడుమెత్తుకు మించని మోటు కాండాలు పొదల్లా విడివిడిగా నిలబడి ఉంటాయి. కింద మట్టి కనబడకుండా గుండ్రటి రాళ్లు. ఆల్ప్స్ కొండల నుంచి ఒకప్పుడు రోన్ మోసుకొచ్చి, అరగదీసి వదిలిపెట్టిన రాళ్లవి. పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదిలి కాయను పండిస్తాయని పర్యాటకులకు చెప్పే మాట ఎండ చాలని ఉత్తరాది నేలలకు నప్పుతుంది గానీ, ఎండ మిక్కిలిగా ఉన్న ఈ చోట వాటి అసలు మేలు కింది తేమను ఆవిరి కాకుండా పట్టి ఉంచడమేనని నాకనిపిస్తుంది. పైగా ఊరి తోటలన్నిట్లోనూ ఈ రాళ్లు లేవు. ఇసుక నేలలు ఉన్నాయి, సున్నపురాతి నేలలూ ఉన్నాయి.

ఈ పొదల్లో ఎక్కువ భాగం గ్రెనాష్. స్పెయిన్ వైపు నుంచి వచ్చిన రకం. కాండం గట్టిది, మిస్త్రాల్‌కు విరగదు. నీరు తక్కువైనా తట్టుకుంటుంది. కాయలో చక్కెర దండిగా చేరుతుంది. ఈ నేలకు ఇంతకన్నా తగిన మొక్క దొరకదు. అయినా అది ఒక్కటే చాలదు. పూత దశలో చలి, వాన తగిలితే పిందె రాలిపోతుంది. తొక్క పలచన, రంగు పలచన, వగరు తక్కువ, పులుపు అంతకన్నా తక్కువ. గాలి తగిలితే రసం త్వరగా పాతబడుతుంది. దానికి అండగా సిరా ద్రాక్షను తెచ్చారు. అది ఇదే నదికి ఎగువన, చల్లని వాలుల్లో పుట్టింది. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందన్న కథను 1998లో జన్యు పరీక్షలు కొట్టిపారేశాయి. దాని తల్లిదండ్రులు మొందూజ్ బ్లాంష్, ద్యురెజా అనే ఫ్రెంచి రకాలే. సిరా ముదురు రంగునిస్తుంది, వగరునిస్తుంది, మిరియాల వాసనను కూడా ఇస్తుంది. ఈ చివరిది కవి ఊహ కాదు. రోటండోన్ అనే పదార్థం మిరియపు గింజలోనూ సిరా తొక్కలోనూ ఒకటేనని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. మూడోది మూర్వెద్ర్. ఆలస్యంగా పండుతుంది, వేడిని కోరుకుంటుంది, వేళ్లకు మాత్రం తడి అందాలి. మాంసపు వాసనకు దగ్గరగా ఉండే ఒక బరువైన గంధం, దట్టమైన వగరు దీని సొత్తు. అంతకన్నా ముఖ్యంగా, గాలికి గ్రెనాష్ పాడవకుండా కాపాడే గుణం దీనికుంది. మన ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం ఆడించేటప్పుడు మంటకు ఒక రకం మిరప, రంగుకు ఇంకో రకం కలుపుతారు. ఇక్కడి రైతు లెక్క కూడా అలాంటిదే, కాకపోతే అతని మిశ్రమం పంటకు బీమా కూడా. 2018లో బూజు తెగులు ఈ ప్రాంతపు గ్రెనాష్‌ను చెడగొట్టినప్పుడు, తోటలో నాలుగు రకాలున్న వాళ్లకు పీపాల్లో పోయడానికి ఎంతో కొంత మిగిలింది.

ఈ కలయిక అనాదిగా వస్తున్నదని అనుకుంటే పొరపాటు. 1860లలో నదికి అవతలి ఒడ్డున, రోక్‌మోర్ దగ్గరి పుజో గ్రామంలో ద్రాక్షలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేళ్ల రసం పీల్చేస్తోందని 1868లో గుర్తించేసరికే ఆలస్యమైంది. పురుగును తట్టుకునే అమెరికా వేరుకు ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి తోటలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. ఏ రకం వేయాలన్న ప్రశ్న ఆ రోజుల్లో నిజంగా కొత్త ప్రశ్న. షాతో లా నెర్త్ అనే తోట యజమాని కమాండెంట్ డ్యుకోస్ పది రకాలను ఏరి, ఏది వేడిని ఇస్తుంది, ఏది తాజాదనాన్ని ఇస్తుంది, ఏది నిలవ ఉంచుతుంది అని పనులు పంచి మరీ నాటాడు. తర్వాతి తరంలో బారన్ లె రోయ్ వచ్చాడు. న్యాయశాస్త్రం చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు, పెళ్లి ద్వారా ఈ ఊరివాడైనవాడు. ఊరి పేరు పెట్టి ఎక్కడెక్కడి వైన్‌నో అమ్ముతున్న మోసానికి అడ్డుకట్ట వేయడానికి ఆయన నాయకత్వంలో రైతులు 1923లో నియమాలు రాసుకున్నారు. కనీసం 12.5 శాతం ఆల్కహాల్, చేత్తో కోత, పాడైన పళ్లను ఏరివేయడం, నిర్ణయించిన రకాలు మాత్రమే. హద్దులు గీయడానికి వాళ్లు ఎంచుకున్న గుర్తు నాకు ఎప్పుడూ అబ్బురమే: లావెండర్, థైమ్ మొలిచే బీడు నేల అయితేనే అది షాటోనఫ్. గోధుమ పండే మంచి నేలను పక్కనబెట్టి, సువాసన మొక్కలు తప్ప మరేదీ బతకని చోటును కోరి ఎంచుకున్నారు. 1936లో ఫ్రాన్స్‌లో చట్టబద్ధ ప్రాంతనామం దక్కిన తొలి వైన్లలో ఇదొకటైంది. అనుమతించిన రకాల జాబితాలోకి పదమూడు ద్రాక్షలు ఎక్కాయి. ఎర్ర వైన్‌లో క్లెరెత్, రూసాన్ వంటి తెల్ల ద్రాక్షలను కలపడానికి కూడా అనుమతి ఉంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. గొప్ప వైన్ అంటే ఒకే ద్రాక్ష, ఒకే నేల స్వచ్ఛంగా పలకడం కదా, కలపడం లోపాలను కప్పిపుచ్చడం కాదా అని. బర్గండీని చూపిస్తారు: పినో న్వార్ ఒక్కదానితో ప్రపంచపు అత్యంత ఖరీదైన సీసాలు అక్కడివి. ఈ ఊళ్లోనే షాతో రయాస్‌ను కూడా చూపిస్తారు, అది పూర్తిగా గ్రెనాష్, దాని పేరు చెబితే ఇరుగుపొరుగు వాళ్లు కూడా తలవంచుతారు. రెండు ఉదాహరణలూ నిజమే. అయితే రయాస్ నేల రాళ్లది కాదు, చల్లని ఇసుక. చుట్టూ చెట్లు, ఎండ నేరుగా పడని వాలులు. అంటే గ్రెనాష్‌కు కావలసిన చల్లదనాన్ని వేరే ద్రాక్ష ఇవ్వాల్సిన పని లేకుండా అక్కడ నేలే ఇస్తోంది. ఆ భాగ్యం పొరుగువాడికి లేదు. బర్గండీ సంగతి ఇంకా ఆసక్తికరం. ఇరవయ్యో శతాబ్దానికి ముందు షాటోనఫ్ వైన్ చాలా భాగం పీపాల్లో బర్గండీకే పోయేది, పలచబడిన సంవత్సరాల్లో అక్కడి వైన్‌కు బలం పోయడానికి. ఏకరక స్వచ్ఛత అని చెప్పుకున్న చోట కూడా సీసా వెనక ఒక కలయిక ఉండేదన్నమాట. మరోవైపు షాతో ద బోకాస్తెల్ పదమూడు రకాలనూ పెంచుతూ, మూర్వెద్ర్‌కు పెద్దపీట వేసి, అంతే పేరున్న వైన్ చేస్తోంది. కాబట్టి ఏది గొప్ప అన్న తగువు ఇక్కడ తెగేది కాదు, తెగాల్సిన అవసరం కూడా లేదు. నేను అడిగేది వేరే ప్రశ్న: భోజనంలో ఏది ఎక్కువ పనికొస్తుంది? ఏకరకపు వైన్ గొప్పదైనకొద్దీ తన మాటే వినమంటుంది. ఎన్నో రుచులు కలిసిన వంట ముందు దానికి ఇబ్బంది మొదలవుతుంది.

ఆ వంటల్లో పెద్దది దోబ్. ప్రొవాన్స్ ఇళ్లలో దీనికంటూ పొట్ట వెడల్పు, మెడ ఇరుకు ఉన్న మట్టికుండ ఉంటుంది. ఎద్దు భుజం, పిక్క, దవడ వంటి గట్టి భాగాలను పెద్ద ముక్కలుగా కోసి, ఎర్ర వైన్‌లో ఉల్లి, క్యారట్, వెల్లుల్లి, థైమ్, బే ఆకు, నాలుగు లవంగాలు, ఎండబెట్టిన నారింజ తొక్క వేసి రాత్రంతా నానబెడతారు. మర్నాడు మూత గట్టిగా బిగించి సన్న సెగ మీద మూడు నాలుగు గంటలు వదిలేస్తారు. దించే ముందు నల్ల ఆలివ్‌లు పడతాయి. ఇది కలవారి వంట కాదు. కొండ నేలలో పని చేసి ముదిరిన పశువు మాంసం, అమ్ముడుపోని వైన్, పెరట్లో దొరికే ఆకులు, ఖర్చులేని కాలం, ఇవే దాని సరుకులు. ఇప్పుడు గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ కలిసిన గ్లాసును దీని పక్కన పెట్టి ఒక్కొక్కటే చూడండి. గట్టి మాంసంలోని నరం గంటల ఉడుకుకు కరిగి జిగురుగా మారి చారుకు చిక్కదనం తెస్తుంది. ఆ చిక్కదనానికి సమానమైన ఒళ్లు గ్రెనాష్ ఇస్తుంది. ఉల్లి, క్యారట్ తీపి, నారింజ తొక్క వాసన దాని పండ్ల రుచితో కలిసిపోతాయి. వైన్‌లోని వగరు నోట్లో లాలాజలపు మాంసకృత్తులను పట్టుకుని నాలుకను ఎండబెడుతుంది. పులుసులోని కొవ్వు, మాంసకృత్తులు ఆ వగరును తామే తీసుకుని నాలుకను వదిలేస్తాయి, అందుకే రెండో ముద్ద మొదటిదంత బరువనిపించదు. ఆలివ్ ఉప్పదనం చేదును అణచివేస్తుంది. లవంగానికి, థైమ్‌కు సిరా మిరియపు ఘాటు తోడు. కుండ మూత తీసినప్పుడు వచ్చే ముదురు మాంసపు వాసనకు జవాబు మూర్వెద్ర్ దగ్గర ఉంది. ఇదే దోబ్ పక్కన కాబర్నే ద్రాక్ష ఎక్కువ పాళ్లలో ఉన్న లేత బోర్డో వైన్ పెట్టండి: నిప్పుల మీద కాల్చిన మాంసానికి మెరుగు తెచ్చే దాని పదునైన వగరు, మెత్తబడి తీపెక్కిన ఈ పులుసు ముందు కరుకుగా తేలుతుంది. సున్నితమైన పినో న్వార్ అయితే పులుసు కింద కనపడకుండా పోతుంది. రెండూ చెడ్డ వైన్లు కావు. ఒకే గొంతు పైకి వినిపించేవి, ఇక్కడ కావలసింది పలు గొంతులు.

నది సముద్రంలో కలిసే కమార్గ్ చిత్తడి నేలల్లో ఇదే పద్ధతి గార్దియాన్ అవుతుంది. అక్కడ స్వేచ్ఛగా తిరిగే నల్ల ఎడ్ల మాంసానికి 1996లో రక్షిత నామం వచ్చింది. దాన్ని వైన్‌లో ఉడికించి, అదే చిత్తడిలో పండిన బియ్యపు అన్నంతో వడ్డిస్తారు. అన్నం, మాంసం పులుసు పక్కన ఎర్ర వైన్ నిలబడగలదా అని సందేహించే తెలుగువాళ్లకు ఇది మంచి జవాబు. సిస్తెరోన్ గొర్రెపిల్ల మాంసాన్ని రోజ్‌మరీతో కాల్చినా ఇదే వైన్ సరిపడుతుంది. శాకాహారులు కూడా ఇక్కడ వెలివాడలో లేరు. వంకాయ, దోసకాయను పోలిన కూర్జెత్, మిరపజాతి తీపి కాయలు, టొమాటో, ఆలివ్ నూనె కలిసి మగ్గిన రతతూయ్‌కి ఈ లోయంతటా చేసే మామూలు వైన్ కోత్ ద్యు రోన్ చక్కగా తోడవుతుంది, ఎందుకంటే అక్కడా ప్రాణం పోసేది నూనె, ఆకు, నిదానపు సెగ. శీతాకాలంలో కార్పాంత్రా, రిషరాంష్ సంతల్లో అమ్మే నల్ల ట్రఫుల్ మట్టివాసనకు పదేళ్లు నిలవున్న షాటోనఫ్ తగిన జత. ఇక ఈ వైన్ పనికిరాని చోట్లను కూడా దాచకుండా చెప్పాలి. వెల్లుల్లి అయోలితో వడ్డించే ఉడికించిన చేపకు ఇది వద్దు. నది అవతల తవెల్‌లో చేసే గులాబి రంగు వైన్ ఆ పనికే పుట్టినట్టుంటుంది. పికొదోన్ వంటి మేక జున్ను పులుపు ముందు ఎర్ర వైన్ లోహపు రుచికి దిగిపోతుంది. అక్కడ తెల్లదే న్యాయం.

ఒకే నేలలో పెరిగినవి ఒకే విస్తరిలో కుదురుతాయన్న మాట పర్యాటక శాఖల నినాదం మాత్రమే, దాని వెనక చరిత్ర లేదు అనే రెండో అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. టొమాటో అమెరికా ఖండం నుంచి వచ్చింది. సిరా ఈ దక్షిణ తోటల్లో పెద్ద ఎత్తున వ్యాపించింది గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లోనే. గ్రెనాష్ పరదేశిది. తూర్పుగా జిగోందాస్ వెళ్తే దాంతెల్ ద మోంమిరాయ్ అనే పలువరసలాంటి సున్నపురాతి కొండల కింద కనిపించే తోటల్లో కొన్ని ఒకప్పటి ఆలివ్ తోటలు: 1956 ఫిబ్రవరి మంచుకు చెట్లు చచ్చిపోతే, వాటి స్థానంలో ద్రాక్ష వేశారు. ఇన్ని మార్పులు చూశాక ప్రాచీన సంప్రదాయం అనడానికి నోరు రాదు, నేను అననూ అనను. కానీ పాతదనం వేరు, పొందిక వేరు. ఎవరు ఎప్పుడు వచ్చినా అదే పరీక్షకు నిలబడాల్సి వచ్చింది: వానలేని వేసవి, పేద నేల, గాలి, మేత తక్కువ కాబట్టి వెన్నకు బదులు నూనె. థైమ్, రోజ్‌మరీ ఆ ఎండలో ఆకుల్లో సుగంధ తైలాలు నింపుకుంటాయి. గొర్రె వాటి మధ్యే మేస్తుంది, కుండలో పడేవి కూడా అవే. ఈ పరీక్ష నెగ్గిన ద్రాక్షలు, ఈ పరీక్ష నెగ్గిన వంటలు ఒకదానికొకటి సరిపడటం కాకతాళీయం కాదు.

ఈ పొందికకు ఇప్పుడు ఒక పెద్ద చిక్కు కూడా వచ్చిపడింది. ఎండలు ముదిరాయి, కోతలు ముందుకొచ్చాయి. 1923లో కనీసం 12.5 శాతం ఉండాలని నియమం పెట్టుకోవాల్సి వచ్చిన షాటోనఫ్‌లో ఇప్పుడు 14.5, 15 శాతం మామూలైంది. అంత ఆల్కహాల్ భోజనానికి చేటు: దోబ్ లోని సున్నితమైన నారింజ వాసన ఆ వేడిలో కాలిపోతుంది, రెండో గ్లాసుకు మనసు ఒప్పదు. పదమూడు రకాల జాబితా మళ్లీ అక్కరకొస్తున్నది ఇక్కడే. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని కూనువాజ్, సాన్సో, తెల్ల ద్రాక్షలైన క్లెరెత్, బూర్బులాంక్ తాజాదనం ఇస్తాయని తెలిసినవారు వాటి వైపు తిరిగి చూస్తున్నారు. ఒకే రకం నాటుకున్న ప్రాంతాలకు ఆ వెసులుబాటు లేదు.

మన విస్తరి మాటేమిటి అని ఎవరైనా అడగక మానరు, ముఖ్యంగా యూరప్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడి, అతిథులకు వైన్‌తో పాటు ఇంటి వంట వడ్డించే తెలుగువాళ్లు. పైన చెప్పిన లెక్కే ఇక్కడా వేయాలి. ఆల్కహాల్ మిరప మంటను ఎగదోస్తుంది, కాబట్టి గుంటూరు కారం దట్టించిన కోడి ఇగురు పక్కన 15 శాతం షాటోనఫ్ పెడితే రెండూ నష్టపోతాయి. గోంగూర మాంసం మరీ కష్టం: వంటలో పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడుతుంది, గ్రెనాష్‌లో పులుపు ముందే తక్కువ. చింతపండు పులుసులకూ అదే మాట. అదే మిరపకు బదులు మిరియాలతో ఘాటు తెచ్చి, లవంగం, దాల్చిన చెక్క వేసి, ముక్క విడిపోయేదాకా సన్న సెగ మీద మగ్గించిన వేటమాంసం అయితే సంగతి మారుతుంది. ఆ మిరియంలోని రోటండోనే గ్లాసులోని సిరాలోనూ ఉంది, కొవ్వు వగరును సర్దుతుంది, మసాలా గ్రెనాష్ తీపిని పట్టుకుంటుంది. నూనెలో మగ్గిన వంకాయ కూర, కారం తగ్గించి మసాలా పెంచితే, దానికీ అంతే. సీసా ఎంచేటప్పుడు పెద్ద పేరు కోసం వెతక్కుండా 13, 13.5 శాతం దగ్గర ఆగిన మామూలు కోత్ ద్యు రోన్ తీసుకుని, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి 16 డిగ్రీల దగ్గర పోయడం మేలు. మన గదుల వేడిలో పోస్తే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకు తగిలి, మిగతా ద్రాక్షలన్నీ దాని వెనకే ఉండిపోతాయి.